పాత ఇంగ్లిష్ బాణీలో చేతితో స్నూకర్ క్యూ చేయిస్తున్నాను: ఏమేం అడగాలి?

గ్రీన్‌బేజ్ (లీడ్స్)

అందరికీ నమస్కారం. ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్న పని ఇప్పటికి కుదిరింది. ఇక్కడ యార్క్‌షైర్‌లో తానొక్కరే కూర్చుని చేత్తో క్యూలు (స్నూకర్ బంతిని కొట్టే కర్రలు) చేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయన వెయిటింగ్ లిస్టులో నా వంతు వచ్చింది. "ఏం కావాలో కాగితం మీద రాసి తీసుకురా, కర్ర ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం" అన్నారు.

నాకు కావలసింది 1930ల నాటి ఇంగ్లిష్ క్యూ లాంటిది. ఆష్ చెట్టు కర్రతో షాఫ్ట్ (ముందు భాగం), నల్లటి ఎబొనీ కర్రతో బట్ (చేత్తో పట్టుకునే లావు భాగం), ఆ రెండూ కలిసేచోట నాలుగు పాయింట్లు (మొనలు), బట్ చివర పేరు వేసిన చిన్న బ్యాడ్జ్. రంగురంగుల వెనీర్లూ (పలచటి కర్ర పొరలు), మెరుపులూ వద్దు. మా క్లబ్బులో ఒక పెద్దాయన దగ్గర పాత బర్‌వాట్ ఛాంపియన్ క్యూ ఉంది. అడిగి రెండు ఫ్రేములు ఆడాను. బంతికి టిప్ (క్యూ కొనన ఉండే తోలు ముక్క) తగిలిన సంగతి చేతికి అంత స్పష్టంగా తెలియడం నాకు అదే మొదలు. అప్పటి నుంచి మనసంతా దాని మీదే.

పాతదే కొనుక్కోవచ్చు కదా అంటారేమో. వెతికాను. దొరికేవాటిలో సగం వంగిపోయి ఉంటున్నాయి. మిగతావాటిని ఎవరో ఒకరు కొన దగ్గర కోసి పొట్టి చేసేశారు. అందుకే కొత్తది చేయించడమే నయం అనిపించింది. ఆ కాగితం మీద ఏం రాయాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతబ్యాడ్జ్ (లెస్టర్)

మంచి పని మొదలుపెట్టారు. పాత క్యూలు కొంచెం కొంచెంగా పోగుచేసేవాణ్ణి కాబట్టి ముందు ఒక మాట. "పాత బాణీ" అని ఒక్క ముక్కలో చెబితే చేసేవారికి ఏమీ అర్థం కాదు. 1890ల క్యూ వేరు, 1930ల క్యూ వేరు. స్నూకర్ పుట్టింది మన దేశంలోనే, 1875లో జబల్‌పూర్‌లో. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు ఇంగ్లండ్‌లో పెద్ద ఆట బిలియర్డ్స్. క్యూలన్నీ దానికోసం చేసినవే. మొదటి ప్రపంచ స్నూకర్ ఛాంపియన్‌షిప్ 1927లో. అది గెలిచిన జో డేవిస్ 1946 దాకా మొత్తం 15 సార్లు గెలిచాడు. ఆయన వల్లనే స్నూకర్ ముందుకొచ్చింది, క్యూల మీద ఆటగాళ్ల పేర్లు వేసి అమ్మడమూ బాగా పెరిగింది.

మీరు చూసిన బర్‌వాట్ ఛాంపియన్ బరోస్ అండ్ వాట్స్ వాళ్లది. లండన్ సోహో స్క్వేర్‌లో ఉండేవారు. అదే కాలంలో థర్స్‌టన్, ఆక్రింగ్టన్‌లో రైలీ, ఇంకా పెరాడన్ కంపెనీలు క్యూలు చేసేవి. ఒక్కొక్కరి క్యూలో పాయింట్ల ఎత్తు, బట్ లావు, బ్యాడ్జ్ పెట్టే తీరు వేరు. మీకు నచ్చిన ఆ క్యూనే కొలవండి. పెద్దాయన ఒప్పుకుంటే టిప్ దగ్గర, మధ్యలో, పాయింట్ల దగ్గర, బట్ చివర, నాలుగు చోట్లా కాలిపర్ (లావు కొలిచే పనిముట్టు) పెట్టి రాసుకోండి. వేలిమీద నిలబెట్టి బ్యాలెన్స్ ఎక్కడ కుదురుతోందో గుర్తు పెట్టండి. ఆ కొలతలు చేతిలో ఉంటే సగం పని అయినట్టే.

చిత్రిక (రాజమండ్రి)

మా ఇంట్లో మూడు తరాలుగా వడ్రంగం. నేను స్నూకర్ ఆడింది తక్కువే కానీ, క్యూలు విప్పి చూసి, బాగుచేసి కొంత తెలుసుకున్నాను. స్ప్లైస్, అంటే షాఫ్ట్‌కీ బట్‌కీ వేసే అతుకు గురించి చెబుతాను, ఎందుకంటే పాత క్యూ ప్రాణం అంతా అక్కడే ఉంది.

షాఫ్ట్ కర్రని ముందు నలుపలకల కడ్డీగా కోసి కొన్నాళ్లు వదిలేస్తారు. వంగేది అప్పుడే వంగాలి. వంగినదాన్ని పక్కన పడేస్తారు. నిలబడినదాన్ని తీసుకుని, బట్ వైపు రెండు ఎదురెదురు ముఖాలను చిత్రిక పట్టి వాలుగా చదును చేస్తారు. వాటికి రెండు ఎబొనీ బద్దలు జిగురుతో అతికించి బిగిస్తారు. అది బాగా ఆరాక మిగతా రెండు ముఖాలూ అలాగే చదును చేసి ఇంకో రెండు బద్దలు. ఇప్పుడు బట్ వైపు మొత్తం నల్లగా, నలుపలకలుగా ఉంటుంది. దాన్ని కొంచెం కొంచెంగా గుండ్రంగా చిత్రిక పడుతూ పోతే, ఎబొనీ పలచబడి పలచబడి ఆష్‌లో కలిసేచోట ఆ నాలుగు పాయింట్లు వాటంతట అవే తేలతాయి. ఎవరూ గీసి కోసిన ఆకారం కాదది. చదును ముఖమూ గుండ్రటి కర్రా కలిసిన అంచు. అందుకే చేతి స్ప్లైస్ పాయింట్ల అంచులు వంపు తిరిగి, కొన మెత్తగా ఉంటుంది. మెషీన్ స్ప్లైస్‌లో బట్‌కి గాడులు కోసి షాఫ్ట్‌ని అందులో దిగవేస్తారు కాబట్టి గీతలు సూటిగా, మొనలు వాడిగా వస్తాయి.

నాలుగు పాయింట్లూ ఒకే ఎత్తులో ఆగాయా లేదా చూడండి. ఒక ముఖం మీద చిత్రిక ఒక్క పట్టు ఎక్కువ పడితే చాలు, ఆ పాయింట్ పైకి పాకిపోతుంది. మళ్లీ కిందికి దించడం ఉండదు. చేసేవారి చేతి నిలకడ తెలిసేది అక్కడే.

పింక్‌స్పాట్ (హైదరాబాద్)

అన్నా, ఒక డౌట్. కోపం తెచ్చుకోవద్దు. స్టీఫెన్ హెండ్రీ 7 ప్రపంచ టైటిళ్లు గెలిచింది చవక క్యూతోనే కదా? అది 2003లో విమాన ప్రయాణంలో విరిగిపోయింది కూడా. మరి ఇంత ఖర్చు పెట్టి, ఇన్ని నెలలు ఆగి చేయించుకుంటే ఆట మెరుగవుతుందా? నేను మా అకాడమీలో మామూలు మేపుల్ క్యూతో ఆడుతున్నాను, సెంచరీ బ్రేక్ (ఒకే వంతులో 100 పాయింట్లు) కూడా వచ్చింది.

సికింద్రాబాద్ సీనియర్

బాబూ, సెంచరీ కొట్టినందుకు ముందు అభినందనలు. నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్న. క్యూ ఆట నేర్పదు. హెండ్రీ క్యూ ఖరీదు తక్కువే, కానీ కుర్రతనం నుంచి ఆయన చేయి దానికే అలవాటు పడింది. అది పోయాక ఆయన ఎంత బాధపడ్డాడో అందరికీ తెలుసు. అంటే ధర ముఖ్యం కాదు, ఒకే క్యూ ఏళ్ల తరబడి మారకుండా చేతిలో ఉండటం ముఖ్యం. మన కొలతకి చేయించుకున్న క్యూతో వచ్చే లాభమూ అదే. మారుద్దామన్న ఆలోచన రాదు.

గ్రీన్‌బేజ్ గారూ, నేను చెప్పేది ఒకటే. కాగితం మీద ముందు ఆడే కొలతలు రాయండి, తర్వాత అందం. పొడవు, బరువు, టిప్ సైజు, బట్ లావు, బ్యాలెన్స్. చాలామందికి 58 అంగుళాలు సరిపోతుంది, మీరు పొడగరి అయితే ఇంకాస్త పెంచండి. బరువు 17 నుంచి 18 ఔన్సుల మధ్య. అంటే 500 గ్రాములకు అటూ ఇటూ. బ్యాలెన్స్ బట్ చివర నుంచి 16, 17 అంగుళాల దగ్గర పడితే చేతికి హాయిగా ఉంటుంది. పాత క్యూలలో టిప్ వెడల్పు కాస్త ఎక్కువ. మీరు ఇప్పుడు 9.5 మిల్లీమీటర్లతో ఆడుతుంటే పాతదనం కోసం 10.5కి వెళ్లకండి. మీ సైడ్, మీ స్క్రూ షాట్లు (బంతిని పక్కకీ, వెనక్కీ తిప్పి కొట్టేవి) అన్నీ మళ్లీ నేర్చుకోవాల్సి వస్తుంది.

చిన్నప్పుడు మా నాన్నగారితో క్లబ్బుకి వెళ్లి ర్యాకులోని ఇంగ్లండ్ క్యూలు తాకి చూసేవాణ్ణి. మన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఉన్న బిలియర్డ్స్ టేబుల్ కూడా ఆ బరోస్ అండ్ వాట్స్ వాళ్లదే. వీలైనప్పుడు చూడండి. చెక్కడం చూస్తే ఆ కాలపు పనివాళ్లకి కర్ర మీద ఎంత గౌరవమో తెలుస్తుంది.

గ్రీన్‌బేజ్ (లీడ్స్)

సార్, చాలా ధన్యవాదాలు. పొడవు 58, టిప్ 9.5 అని రాసేసుకున్నాను. చిత్రిక గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఇంకో రెండు సందేహాలు.

ఒకటి, బట్‌లో మన ఎర్రచందనం ముక్క ఒకటి పెట్టించాలని కోరిక. మాది కడప జిల్లా. నా ఊరి కర్ర నా క్యూలో ఉండాలని. రెండు, పాత క్యూలకి ఉండే దంతపు బ్యాడ్జ్ కోసం ఎవరి దగ్గరైనా పాత దంతం ముక్క దొరికితే వాడొచ్చా?

పాతబ్యాడ్జ్ (లెస్టర్)

రెండోదానికి ముందు జవాబు: వద్దు. బ్రిటన్‌లో ఐవరీ యాక్ట్ 2018లో వచ్చింది, 2022 జూన్ నుంచి అమల్లో ఉంది. కొద్దిపాటి మినహాయింపులు తప్ప దంతం కొనడం, అమ్మడం నేరం. కొత్త క్యూలో పాత దంతం ముక్క ఆ మినహాయింపుల్లోకి రాదు. రేపు క్యూ పట్టుకుని ఇండియాకి వెళ్తే అక్కడ వన్యప్రాణి చట్టంతో ఇంకో తలనొప్పి. ఇంకో సంగతి, ఆ కాలపు బ్యాడ్జ్‌లలో చాలావరకు అసలు దంతం కావు. సెల్యులాయిడ్‌తో చేసిన నకలు దంతమే. కాబట్టి లేత పసుపు రెసిన్ ముక్క పెట్టించుకుంటే కాలానికి తగ్గట్టే ఉంటుంది.

బట్‌కి ఎవరైనా బ్రెజిలియన్ రోజ్‌వుడ్ కర్ర చూపిస్తే దాని సంగతి కూడా అంతే. 1992 నుంచి సైటీస్ (అంతరించిపోయే జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది. ఎవరైనా "నా దగ్గర పాత స్టాకు ఉంది" అంటే కాగితాలు అడగండి.

చిత్రిక (రాజమండ్రి)

ఎర్రచందనం మీద మీకున్న మమకారం నాకు తెలుసు, కానీ ఆ ఊసే వద్దండి. శేషాచలం, దాని చుట్టుపక్కల తూర్పు కనుమల కొండల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగని చెట్టు. దాన్ని నరికి తరలించే ముఠాల వల్ల ఎంత అడవి పోయిందో, ఎన్ని ప్రాణాలు పోయాయో మీ జిల్లా వాళ్లకి చెప్పాలా? కాగితాలు లేని ముక్క అరచేయంత ఉన్నా అది ఆ దారిలో వచ్చిందే అయ్యుంటుంది.

మన కర్రే కావాలంటే తునికి ఉంది. మనం బీడీ ఆకు కోసుకునే చెట్టే. ముదిరిన మానుకి లోపల నల్లటి చేవ ఉంటుంది. ఇంగ్లిష్ వాళ్లు దాన్ని కోరమాండల్ ఎబొనీ అన్నారు, మన తీరం పేరుతోనే. కాకపోతే క్యూ బట్‌కి సరిపడే నిడివి గల, పగుళ్లు లేని చేవ దొరకడం కష్టం. కాగితాలతో చిన్న ముక్క దొరికితే బ్యాడ్జ్ చుట్టూ పలచటి పట్టీగా పెట్టించుకోండి. అది కూడా చేసేవారు ఒప్పుకుంటేనే. తెలియని కర్ర ఇచ్చి జిగురు పట్టలేదని తర్వాత బాధపడటం ఎందుకు?

గ్రీన్‌బేజ్ (లీడ్స్)

అర్థమైంది. ఎర్రచందనం మాట వదిలేశాను. తునికి గురించి పెద్దాయన్ని అడుగుతాను.

ఇక బ్యాడ్జ్ మీద ఏం రాయించాలి? నా మనసులో ఉన్నది పాత బర్‌వాట్ ఛాంపియన్ బ్యాడ్జ్ అచ్చు అలాగే. అక్షరాల తీరుతో సహా. ఇక్కడ ఒక చెక్కేవాళ్లు చేసి ఇస్తామన్నారు. నేను అమ్మేది లేదు, ఇది నా సొంతానికి.

పాతబ్యాడ్జ్ (లెస్టర్)

దయచేసి ఆ పని చేయకండి. ఈ థ్రెడ్‌లో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

మీరు అమ్మరు, నమ్ముతాను. కానీ మంచి క్యూ మనిషి కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. మీ తర్వాత అది ఎవరి చేతికో వెళ్తుంది. చేతి స్ప్లైస్, పాత కొలతలు, పాత పద్ధతి, పైన పాత కంపెనీ పేరు. 50 ఏళ్లు వాడిన మెరుపు కూడా వచ్చేస్తే అది కొత్తదని ఎవరు చెప్పగలరు? ఎవరో ఒకరు దాన్ని 1930ల క్యూ అని అమ్ముతారు, ఇంకెవరో ఆ ధర పెట్టి కొని మోసపోతారు. మార్కెట్లో ఇలాంటివి నా కళ్లతో చూశాను. ఒక వెబ్‌సైటులో కొన్న క్యూకి బ్యాడ్జ్ పాతదే, కర్ర మాత్రం కొత్తది. పాడైపోయిన క్యూ నుంచి బ్యాడ్జ్ ఊడదీసి అతికించారు. డబ్బు వెనక్కి రాబట్టుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంకో వైపు నుంచి చూడండి. మీ క్యూ కోసం ఆ పెద్దాయన నెలల తరబడి చిత్రిక పడతారు. దాని మీద తొంభై ఏళ్ల కిందటి కంపెనీ పేరు వేయిస్తే ఆయన పేరు ఎక్కడికి పోతుంది?

బాక్‌లైన్ (మెల్‌బోర్న్)

నేను ఒప్పుకోను. గిటార్లకీ, వాచీలకీ పాత రూపంతో కొత్తవి చేస్తూనే ఉన్నారు కదా. గ్రీన్‌బేజ్ ఇష్టం గ్రీన్‌బేజ్‌ది. బట్ అడుగున, ఎవరికీ కనబడని చోట చిన్నగా సంవత్సరం వేయిస్తే సరిపోతుంది.

పాతబ్యాడ్జ్ (లెస్టర్)

బట్ అడుగున వేసింది ఇసుక కాగితంతో రెండు రుద్దులు రుద్దితే పోతుంది. గిటార్ల విషయంలో ఆ పేరు హక్కు ఉన్న కంపెనీయే చేస్తుంది. ఇక్కడ మనం ఎవరి అనుమతీ లేకుండా చేస్తున్నాం. రెండూ ఒకటి కాదు.

సికింద్రాబాద్ సీనియర్

నాదీ పాతబ్యాడ్జ్ గారి మాటే. బ్యాడ్జ్ ఆకారం పాతది పెట్టించుకోండి, అక్షరాల తీరు పాతది పెట్టించుకోండి, పేరు మాత్రం చేసినవారిది, సంవత్సరం ఇప్పటిది. అప్పుడు అది నిజాయితీగా పాత బాణీ క్యూ అవుతుంది. మీ మనవడు తీసి చూసినా ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో తెలుస్తుంది.

పింక్‌స్పాట్ (హైదరాబాద్)

సీనియర్ సార్ చెప్పింది బాగుంది. ఒకటి అడుగుతా, ఒకే ముక్కగా ఉండే వన్ పీసా లేక రెండు ముక్కలుగా విప్పే జాయింటా? ఇండియా వచ్చేటప్పుడు ఎలా తెస్తావన్నా?

బాక్‌లైన్ (మెల్‌బోర్న్)

ఈ విషయంలో నాకు అనుభవం ఉంది. వన్ పీస్ క్యూ క్యాబిన్‌లోకి రానివ్వరు. గట్టి గొట్టం లాంటి కేసులో పెట్టి పొడవు లగేజి కింద ఇవ్వాలి. బెల్టు దగ్గర అది బయటకి వచ్చేదాకా ఉండే టెన్షన్ అనుభవించినవాళ్లకే తెలుసు. తరచూ విమానం ఎక్కేవారైతే త్రీక్వార్టర్ జాయింట్ పెట్టించుకోండి. బట్ వైపు ముక్క 16 అంగుళాల చిల్లర ఉంటుంది. జాయింట్ ఎబొనీలోనే పడుతుంది కాబట్టి సన్నటి ఇత్తడి గీత తప్ప ఏమీ కనబడదు. మధ్యలో జాయింట్ మాత్రం వద్దు, ఆష్ మీద అడ్డంగా ఇత్తడి పడితే పాత క్యూ రూపమే పోతుంది.

చిత్రిక (రాజమండ్రి)

బొబ్బిలిలో వీణని ఒకే పనస దుంగలో తొలిచి ఏకాండి వీణ అంటారు. అతుకుల వీణ కూడా పలుకుతుంది, కానీ విన్నవాళ్లు తేడా చెబుతారు. క్యూ సంగతి కూడా నాకలాగే అనిపిస్తుంది. ఎక్కువగా ఒక ఊళ్లోనే ఆడేవారైతే ఏకాండి క్యూనే మేలు.

గ్రీన్‌బేజ్ (లీడ్స్)

వర్క్‌షాపుకి వెళ్లొచ్చాను. అక్కడ జరిగింది వివరంగా రాయాలనిపించింది.

చిన్న షెడ్డు. గోడ పొడవునా ఆష్ కడ్డీలు నిలువుగా వేలాడుతున్నాయి, ఒక్కొక్కదాని మీద పెన్సిల్‌తో తేదీ. నా కాగితం తీసుకుని చదివి, ముందు నా చేయి చాపమన్నారు. తర్వాత టేబుల్ మీద వంగి నాలుగు షాట్లు ఆడించి పక్కనుంచి చూశారు. బట్ లావు నేను 30 మిల్లీమీటర్లు రాశాను. "నీ అరచేతికి అది ఎక్కువ, 29 చాలు" అన్నారు. నేను వాదించలేదు.

తర్వాత మూడు షాఫ్టులు బల్ల మీద పెట్టారు. ఆష్‌లో గీతలు ఒక పక్కన పొడవుగా సాగుతాయి, పై ముఖం మీద బాణం మొనల్లా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. కర్ర కొన వైపు సన్నబడుతూ పోవడం వల్ల ఏళ్ల వలయాలు అలా తెగి కనబడతాయని చెప్పారు. మొదటి షాఫ్టులో ఆ మొనలు మరీ దగ్గర దగ్గరగా, రెండోదాంట్లో ఒక పక్కకి జారి ఉన్నాయి. మూడోదాంట్లో టిప్ నుంచి పాయింట్ల దాకా మధ్యలోంచి తిన్నగా వచ్చాయి. దాన్ని బల్ల అంచు మీద వేలితో తడితే మోగిన తీరు కూడా వేరు. అదే తీసుకున్నాను.

ఆ కర్ర ఉత్తర అమెరికాది, చాలా ఏళ్ల కిందట కొన్నదట. అక్కడ 2002లో బయటపడ్డ పచ్చ పురుగు ఆష్ చెట్లను తినేస్తోంది. ఇక్కడ బ్రిటన్‌లో 2012 నుంచి డైబ్యాక్ తెగులు. మంచి ఆష్ దొరకడం ఏటికేడు కష్టమవుతోందని, ఉన్నది జాగ్రత్తగా వాడుతున్నానని చెప్పారు. ఆ మాట విన్నాక కర్ర మీద నా గౌరవం ఇంకా పెరిగింది.

తునికి ఒప్పుకోలేదు. ముందెప్పుడూ వాడని కర్ర నా క్యూ మీద పరీక్షించనన్నారు. బ్యాడ్జ్ మీద ఆయన పేరు, సంవత్సరం. పాతబ్యాడ్జ్ గారూ, మీరు చెప్పింది ఆయనకి చెప్పగానే "మీ స్నేహితుడికి నా కృతజ్ఞతలు చెప్పు" అన్నారు. వన్ పీసే చేయిస్తున్నాను. వెనక ఎక్స్‌టెన్షన్ (క్యూని పొడవు చేసే ముక్క) బిగించే స్క్రూ కూడా వద్దన్నాను. దూరపు బంతులకి రెస్ట్ (క్యూని ఆనించే పొడవాటి కర్ర) ఉంది కదా.

పాతబ్యాడ్జ్ (లెస్టర్)

చాలా సంతోషం. ఎక్స్‌టెన్షన్ విషయంలో మాత్రం ఇంకోసారి ఆలోచించండి. లీగులో ఆడితే అవసరం పడుతుంది. స్క్రూ లేకపోయినా బట్ మీదుగా తొడుక్కునే గొట్టం లాంటి ఎక్స్‌టెన్షన్లు దొరుకుతాయి, ఒకటి కొనిపెట్టుకోండి. క్యూకి ఏ మార్పూ అక్కర్లేదు.

సాగరతీరం (విశాఖ)

థ్రెడ్ మొత్తం చదివాను, చాలా నేర్చుకున్నాను. నాదీ ఆష్ క్యూనే. మా ఊరి ఉప్పుగాలికి, ఉక్కపోతకి షాఫ్ట్ జిగటగా అవుతోంది, కొంచెం వంగినట్టు కూడా ఉంది. గ్రీన్‌బేజ్ గారి క్యూ ఇటొస్తే దానికీ ఇదే సమస్య కదా. ఏం చేయాలి?

చిత్రిక (రాజమండ్రి)

ముందు గోడకి ఆనించి నిలబెట్టడం మానేయండి. కారు డిక్కీలో అస్సలు వదలొద్దు. కేసులో పెట్టి, ఇంట్లో ఏసీకీ కిటికీకీ దూరంగా, నిటారుగా గానీ పూర్తిగా పడుకోబెట్టి గానీ ఉంచండి. కొద్దిపాటి వంపు ఆటకి అడ్డం రాదు. వేడిచేసి సరిచేస్తామని ఎవరైనా అంటే ఇవ్వకండి.

ఆడాక ప్రతిసారీ పొడి గుడ్డతో గట్టిగా తుడవండి. జిగట ఎక్కువ భాగం చెమటా, చాక్ పొడీ. గట్టిగా పిండిన తడి గుడ్డతో తుడిచినా వెంటనే ఆరబెట్టాలి. ఇసుక కాగితం జోలికి పోవద్దు, రుద్దిన ప్రతిసారీ షాఫ్ట్ సన్నబడుతుంది. కొన్ని నెలలకోసారి ముడి అవిసె నూనె రెండు చుక్కలు గుడ్డ మీద వేసి, పలచగా రాసి, కాసేపాగి మొత్తం తుడిచేయండి. పైన నూనె మిగిలితే అదే జిగట అవుతుంది. ఒకరోజు ఆరనిచ్చి ఆడండి.

ఇంకొక్కటి, ఇది తప్పకుండా గుర్తుంచుకోండి. నూనె పీల్చిన గుడ్డని ఉండ చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడెక్కుతుంది, ఉండలా ఉన్న గుడ్డ దానంతట అదే అంటుకోవచ్చు. బయట పరిచి, పూర్తిగా ఆరాకే పారేయండి.